ఖాళీ అట్టపెట్టెల శనివారం

ఆ రోజుల్లో నా అంత తెలివైనవాడు ఢిల్లీ చుట్టుపక్కల ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు లేదు. మా ఆవిడ పోగొట్టింది.) చదువు అవగానే నోయిడాలో ఒక చిన్న ఆటోమేషన్ కంపెనీలో చేరాను. మనుషులు చేతులతో చేసే పనిని యంత్రాల చేత చేయించడం మా వృత్తి. దానికి పీఎల్‌సీ అని ఓ పెట్టె ఉంటుంది. చూడ్డానికి ఇంట్లో కరెంటు మీటరంతే గానీ, మొత్తం లైనుకి, అంటే ఆ యంత్రాల వరసకి, బుర్ర అదే. ఇది కనబడితే అది తిప్పు, అది నిండితే ఇది ఆపు అని ప్రోగ్రామ్ రాసి అందులో పెడితే విసుక్కోకుండా, టీ కోసం బయటికి పోకుండా అలాగే చేస్తుంది. ఈ రెండు సుగుణాలూ నాలో లేవని మా సారు తరచూ బాధపడేవారు.

మా సారుది గుంటూరు. తిట్లన్నీ తెలుగులో తిట్టేవారు, మెచ్చుకోవాల్సి వస్తే మాత్రం హిందీలోకి దిగేవారు. నేను అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం ఖాయమైతే సరి, లేకపోతే తణుకులో నాన్న ఎరువుల కొట్టు నా కోసం ఎదురుచూస్తూ ఉంది. యూరియా బస్తాల మధ్య కూర్చున్నట్టు కలలు కూడా వచ్చేవి. అలాంటి సమయంలో సాహిబాబాద్‌లో ఓ నమ్‌కీన్ ఫ్యాక్టరీ (నమ్‌కీన్ అంటే మన మిక్చర్‌కి పంజాబీ చుట్టం) పని నాకు ఒంటరిగా అప్పగించారు. "ఏమయ్యా, శనివారం ట్రయల్. ఓనరు సేఠ్‌జీ సరే అంటే సోమవారం నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెడతా. అనకపోతే ఆఫీసుకి రావక్కర్లేదు, అటునుంచి అటే స్టేషన్‌కి పో" అన్నారు.

పని పెద్ద కష్టమైందేమీ కాదు. ప్యాకెట్లు బెల్టు మీద వరసగా వచ్చి చివర అట్టపెట్టెలో పడతాయి. బెల్టు పక్కన ఓ సెన్సారు, అంటే కరెంటు కన్ను. దాన్నుంచి బెల్టుకి అడ్డంగా ఓ కాంతి గీత పోతుంటుంది. ప్యాకెట్టు ఆ గీతకి అడ్డొచ్చినప్పుడల్లా పీఎల్‌సీ ఒకటి లెక్కేసుకుంటుంది. పెట్టెకి సరిపడా లెక్క పూర్తి కాగానే అట్టపెట్టె మూసి, టేపు వేసి, అవతలికి తోసేస్తుంది. శుక్రవారం సాయంత్రం నేనే నడిపి చూసుకున్నాను. ముత్యాల్లాంటి పెట్టెలు వచ్చాయి. వైశాలిలో నేనుండే బాబాయి వాళ్ళింటికి ఆటోలో ఈల వేసుకుంటూ వెళ్ళాను.

శనివారం పొద్దున సేఠ్‌జీ, ఆయన వాళ్ళమ్మగారు వచ్చి లైను ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అందరూ ఆవిడని మాతాజీ అనేవారు. ఫ్యాక్టరీ పేరుకి కొడుకుది గానీ, ఆవిడ తల ఊపందే అక్కడ పొయ్యి కూడా వెలగదు. నేను వినయంగా నవ్వి పచ్చ బటన్ నొక్కాను. బెల్టు కదిలింది. ఒక్క ప్యాకెట్టయినా సరిగ్గా పడకుండానే పెట్టె మూసుకుని, శుభ్రంగా టేపు వేసుకుని బయటికొచ్చింది. దాని వెనకే ఇంకోటి. మాతాజీ ఒక పెట్టె ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"బేటా, ఇస్‌మే క్యా భరా హై? హవా?"

గాలి నింపావా నాయనా అని అడిగారావిడ. లైను ఆపితే తెర మీద లెక్క బుద్ధిగా కదలకుండా నిలబడుతుంది. నడిపితే మళ్ళీ పరుగే. తప్పు ప్రోగ్రామ్‌లోనే ఉందని తేల్చుకుని, లాప్‌టాప్ తెరిచి చేతికి దొరికినదల్లా మార్చేశాను. ఈసారి పెట్టె అసలు మూసుకోవడమే మానేసింది. ప్యాకెట్లు పొంగిపొర్లి సేఠ్‌జీ బూట్ల మీద పడ్డాయి. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే సారు ఫోను. "ఏమైంది?" "చూస్తున్నా సార్." "చూడ్డానికేముందయ్యా అక్కడ, సినిమానా?"

పాత ప్రోగ్రామే మళ్ళీ ఎక్కించి, ప్యాకెట్లు ఆపించి, ఉత్త బెల్టు తిప్పాను. సెన్సారు మీద చిన్న దీపం టపటపా వెలిగి ఆరుతోంది. దాని ఎదురుగా, అదే లయలో, ఓ నిమ్మకాయ ఊగుతోంది! దిష్టి తగలకుండా నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి ప్రతి శనివారం కొత్తది కట్టడం అక్కడ ఆనవాయితీ. ఆ పొద్దున మాతాజీ స్వయంగా తెచ్చి, కొత్త యంత్రం కదా అని సెన్సారు పైనున్న కమ్మీకే కట్టారు. లైను ఆగితే అది గీతకి పక్కన ఉంటోంది, నడిస్తే ఆ అదురుకి గీతలోకీ బయటికీ ఊగుతోంది. ఢిల్లీలో ప్రతి కొట్టుకీ, ప్రతి ఆటోకీ దాన్ని చూసి చూసి నా కళ్ళకి ఆనడం మానేసింది. యంత్రం కంటికి మాత్రం ఆనింది.

ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే మళ్ళీ పోయింది. ఈ మాట ఆవిడతో చెప్పేదెలా? నా హిందీ అప్పటికి కూరగాయల బేరం దాకే వచ్చింది. "మాతాజీ... మషీన్... నింబూ గిన్ రహా హై" అన్నాను, నిమ్మకాయని లెక్కపెడుతోంది అని. సేఠ్‌జీ మొహం ఎర్రబడింది. "మా అమ్మ కట్టిన దానిది తప్పంటావా?"

మాతాజీ చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. బెల్టు ఆపించి, దగ్గరికొచ్చి, చూపుడువేలితో నిమ్మకాయని మెల్లగా నెట్టారు. తెర మీద అంకె పెరిగింది. మళ్ళీ నెట్టారు. మళ్ళీ పెరిగింది. ఇంకోసారి, ఇంకోసారి... చివరికి చిన్నపిల్లలా పకపకా నవ్వేశారు. "అరే, ఏ తో మేరా నింబూ భీ నహీఁ ఛోడ్తా! ప్యాకెట్ క్యా ఛోడేగా? రఖ్ లో." నా నిమ్మకాయనే వదలనిది ప్యాకెట్టుని వదులుతుందా, ఉంచెయ్యండి అని తీర్పు! దండని తన చేత్తోనే విప్పి గుమ్మానికి కట్టించారు. తర్వాత వచ్చిన ప్రతి పెట్టే నిండుగా వచ్చింది. సేఠ్‌జీ ఒకటి ఎత్తబోయి నడుం పట్టుకున్నారు.

సారుకి ఫోన్ చేశాను. "ఏంటి ప్రాబ్లం?" "సెన్సార్ ఎదుట చిన్న అడ్డంకి సార్. క్లియర్ చేశాం." (ఇంజనీర్లు నిమ్మకాయని అలాగే అంటారు.) అటునుంచి సారు, "ఠీక్ హై. సోమవారం కాస్త తొందరగా రా." నా జీవితంలో విన్న అత్యంత మధురమైన హిందీ అదే.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తున్నాయి. లోపల్నుంచి మాతాజీ ఓ స్టీలు గిన్నె నిండా వేడివేడి నమ్‌కీన్ పంపారు. అన్ని రోజులూ ఆ వాసనలోనే పనిచేసి ఒక్క పలుకూ నోట్లో వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాను.

ఇప్పుడు ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద లైన్లు నడిపిస్తున్నాం. నడిస్తే "గుడ్" అని ఓ మెయిల్ కొట్టి ఇంకో పనిలో పడిపోతాను. అంత భయమూ లేదు, అంత సంతోషమూ లేదు. ఆ మెట్ల మీద గిన్నె పట్టుకుని తనలో తనే నవ్వుకుంటున్న ఆ కుర్రాడు ఎప్పుడైనా ఎదురుపడితే, పక్కన కూర్చుని, "కొంచెం నాకూ పెట్టరా" అని చెయ్యి చాపాలనిపిస్తుంది.