హంతకుడెవరో పేరులోనే

బర్మాలో, బోటాటౌంగ్ పేటలోని ఒక ప్రైవేటు టీవీ చానెల్లో సీనియర్ ఎడిటర్‌గా నా చివరి వానాకాలంలో, పాత అమెరికన్ కౌబాయ్ సీరియల్‌ను బర్మీస్ సబ్‌టైటిళ్లతో ప్రసారానికి సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. ఎడిటింగ్ నేను ఎక్కడా చదువుకోలేదు, సెకన్లు లెక్కపెడుతూ నేర్చుకున్నాను. అనువాదం మ ఖిన్ అనే కాంట్రాక్టు ఉద్యోగినిది. స్పాన్సరు దొరికితేనే సీరియల్ సాగుతుంది, ఆమె ఉద్యోగమూ నిలుస్తుంది.

ఆ రోజుల సీరియళ్లలో ఆ వారం భాగం పేరు తెర మీద పడకముందే ఒక చిన్న దృశ్యం వస్తుంది. దాన్ని మేం టీజర్ అంటాం. టీజర్ ఒక చిక్కును చూపిస్తుంది, పేరు దాన్ని విప్పకుండా వదిలేస్తుంది. ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టేది ఆ ఖాళీయే.

మా ప్రోగ్రాం మేనేజరు ఊ సో అనే ఆయనకు ఆ ఖాళీయే తలనొప్పి. కథ మధ్యలో ఏ పేటలో కరెంటు పోతే ఆ పేటవాళ్లు ఫోన్ చేసి చివరికి ఏమైందని అడిగేవారు. ఆ ఫోన్ ఆయన బల్ల మీద ఉండేది. అందుకని పేరును టీజర్‌కు ముందుకు జరిపించి, అందులోనే ముగింపు రాయించాడు: ‘తమ్ముడే హంతకుడని తెలుసుకున్న షెరీఫ్’. కథను చంపేశారని మొత్తుకున్నాను. నువ్వు సెకన్లు చూసుకో, జనాన్ని నేను చూసుకుంటానన్నాడు.

సీరియల్ వచ్చే శనివారాల్లో వరసగా రెండుసార్లు కరెంటు పోయింది. ఒక్క ఫోనూ రాలేదు. ఊ సో సంబరపడిపోయాడు. పజుండౌంగ్ పేటలో ఉండే మా బావమరిది సూరయ్య మాత్రం ఎదురుపడి నన్ను పట్టుకున్నాడు.

“ఏటి బావా! సంపినోడెవుడో పేరులోనే సెప్పేసినారు, ఇంకేటి సూడాల? ఇంటిల్లిపాదీ లేసిపోనాం.”

ఈ మాట చెబితే, నీ బావమరిది కోసం చానెల్ నడపలేనన్నాడు ఊ సో. ఫోన్లు రానిది చూసేవాళ్లు లేకే అని ఎంత చెప్పినా ఎక్కలేదు. తరువాతి శనివారం స్పాన్సరు తరఫు ఆయన, డబ్బు పెట్టాలో వద్దో తేల్చుకోవడానికి, ప్రసారం చూడటానికి వస్తున్నాడు. ఆ ఒక్క భాగాన్నీ అసలు పద్ధతిలో వదలండి, ఫోన్లన్నీ నేనే ఎత్తుతానన్నాను. చివరికి విసుక్కుని సరేనన్నాడు.

ఆ భాగంలో రౌతు లేని గుర్రం ఊళ్లోకి నడిచొస్తుంది. షెరీఫ్ జీను తడిమి చెయ్యి చూసుకుంటే నెత్తురు. అప్పుడు పేరు పడుతుంది. పేరులో ఉన్నది గుర్రం రంగు, అంతే. షెరీఫ్ హంతకుడి తలుపు తట్టేవేళకు పజుండౌంగ్‌లో కరెంటు పోయింది. ఫోన్ పెట్టేస్తే చాలు, మళ్లీ మోగేది. కరెంటోళ్లతో కుమ్మక్కయ్యారా అని ఒకావిడ దులిపేసింది. సూరయ్య కూడా ఫోన్ చేశాడు.

“తలుపు తీసినోడెవుడు బావా? సెప్పకపోతే అక్కతో సెప్పి నీకు బువ్వ మానిపించేత్తాను!”

స్పాన్సరు మనిషి నా పక్కనే కూర్చుని అంతా విన్నాడు. సీరియల్ పూర్తయ్యేదాకా డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాడు. మ ఖిన్ కాంట్రాక్టు పొడిగించారు. ఊ సో మాత్రం ఇంత గోల ఎందుకు తెచ్చిపెట్టావని నన్నే తిట్టాడు.

నేను గ్రహించింది ఇది. పేరు ప్రశ్న దగ్గరే ఆగాలి. ముగింపు ముందే చెప్పడం కరెంటు కోతకు మందు కాదు. ఫిర్యాదులు ఆగిపోయాయని ఎవరైనా సంతోషిస్తే, చూసేవాళ్లు మిగిలారో లేదో ముందు కనుక్కోవాలి.