బీరువాలోని పాఠాలు

మండపేటలో గంగరాజు గారి రైస్‌మిల్లుకి స్టాకు గుమాస్తా రత్నమాణిక్యం. ధాన్యం ఎంత దిగింది, బియ్యం, నూకలు, తవుడు ఎంత వచ్చాయి, అన్నీ ఆమె చేతి మీదుగానే కాగితమెక్కేవి. ఎవరినీ నమ్మేది కాదు. ఆమెను కూడా ఎవరూ పెద్దగా ఇష్టపడేవారు కాదు.

రెండువేల రెండులో మిల్లుకి కంప్యూటరు వచ్చింది, దాంతోపాటు సరుకు లెక్కల సాఫ్ట్‌వేరు. దసరా నుంచి కాగితాలుండవనీ, అది నేర్చుకోని వాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాలనీ గంగరాజు చెప్పాడు. ఆయన మేనల్లుడు ఉదయభాస్కర్ ఆ కుర్చీ కోసమే హైదరాబాదులో కోర్సు చేసి వచ్చాడు.

“కాస్త చూపించండి భాస్కర్ గారూ.”

“నేను డబ్బు కట్టి నేర్చుకున్నానండి. మీరూ కట్టుకోండి.”

ఆమె రాజమండ్రి వెళ్ళింది. ఇన్‌స్టిట్యూట్లలో టైపింగూ, జమాఖర్చులూ తప్ప మిల్లు లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. పుస్తకాల షాపులో దొరికిన ఒక్క పుస్తకం సైకిళ్ళ తయారీ గురించి. చక్రాలూ, చైనూ, సీటూ కలిస్తే ఒక సైకిలు. ధాన్యం అలా కాదు, ఒకటే విడిపోయి నాలుగు సరుకులవుతుంది. పుస్తకం అక్కడే పెట్టేసి, సాఫ్ట్‌వేరు అమ్మిన షాపుకే పోయింది.

“పాఠాల సీడీ, పుస్తకం మీ మిల్లుకే ఇచ్చామండి. నేర్చుకోడానికి ఆ సీడీలో ఉత్తుత్తి కంపెనీ ఒకటి ఉంటుంది. తప్పులన్నీ దాంట్లో చెయ్యండి,” అన్నాడు షాపతను.

తిరిగొచ్చి భాస్కర్ని అడిగింది. “సీడీ గీతలు పడి పాడైందండి,” అన్నాడతను తలెత్తకుండా. పుస్తకం మాటెత్తలేదు. అలాంటివన్నీ పెట్టే ఆఫీసు బీరువా తాళం అతని జేబులోనే ఉంది.

అతను భోజనానికి వెళ్ళగానే ఆమె మిల్లు అసలు లెక్క తెరిచింది. లేని ధాన్యం ఆడించినట్టు నమోదు చేసింది. తెర మీద బియ్యం, నూకలు, తవుడు, ఊక విడివిడిగా వచ్చాయి. మొదటిసారి కుదిరింది. తీసేద్దామనుకునేలోగా కరెంటు పోయింది. దాంతోపాటే అదీ పోయిందనుకుంది.

పోలేదు. మర్నాడు గంగరాజు తెర మీద అంత తవుడు చూసి, దాన్నుంచి నూనె తీసే ఫ్యాక్టరీకి ఫోన్లో అమ్మేశాడు. సాయంత్రం ఫ్యాక్టరీ లారీ వచ్చింది. గోడౌన్లో ఓ మూల కొన్ని బస్తాలే ఉన్నాయి.

“దీనికి లారీ ఎందుకండీ, రిక్షా చాలు,” అన్నాడు డ్రైవరు.

గంగరాజు ఆఫీసు గదిలోకి వచ్చి లారీ దాకా వినిపించేలా అరిచాడు. “కంప్యూటర్లో ఎవరు కొట్టారిది?”

“నేను కాదు మావయ్యా,” అన్నాడు భాస్కర్.

“నేనేనండి,” అంది రత్నమాణిక్యం. “నేర్చుకుంటున్నాను.”

“నా మిల్లు మీదా నేర్చుకునేది?”

“ఉత్తుత్తి కంపెనీ ఆయన బీరువాలో ఉందండి. తెరిపించండి.”

గంగరాజు మేనల్లుడి వైపు చూశాడు, తర్వాత బీరువా వైపు. తెరవమనలేదు.

“అందులో ఏముంటే నీకెందుకు? రేపట్నుంచి కాటా దగ్గర కూర్చో. స్టాకు వాడు చూస్తాడు.”

“అయితే లేని తవుడు ఆయన్నే తీసెయ్యమనండి. నన్ను మాత్రం అడగొద్దనండి.”

చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. డ్రైవరు తిట్టుకుంటూ లారీ వెనక్కి తిప్పుతున్నాడు.

“మీ ఫ్యాక్టరీలో కంప్యూటరుందా?”

“ఉందండి. మీ మిల్లుకి పెట్టిన రాజమండ్రి షాపతనే మాకూ తెచ్చి పెట్టాడు. గుడ్డ కప్పి ఉంచారు.”

“దాంతో వచ్చిన సీడీ, పుస్తకం?”

“సీడీ పుస్తకంలోనే ఉందండి. మా మేనేజరు గారు దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటారు. ఏంటండీ, అక్కడికొచ్చి కూడా తవుడు పుట్టిస్తారా?”

రత్నమాణిక్యం లారీ అవతలి వైపుకి నడిచి, క్యాబిను తలుపు తీసి, “చెయ్యివ్వు బాబూ,” అంది.