రెండు తాళాల తలుపు

వైస్ ఛాన్సలర్ మేడమ్ కూర్చునే ముందు కుర్చీని కదిపి చూస్తుంది. ఊగితే చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, మాట్లాడుతూనే మరలు బిగించేస్తుంది. ఫిజిక్సు ల్యాబులో పాఠాలు చెప్పిన నాటి అలవాటది. వెనక అందరూ ‘మరల మేడమ్’ అని నవ్వుకుంటారు. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు రెంటినీ కలిపి ఆమె చేతిలో పెట్టారు గానీ, నడిమి గోడలోని తలుపు దగ్గర పని మొండికేసింది. దాని గొళ్లేనికి చెరొక తాళం వేసుకున్న రిజిస్ట్రార్లిద్దరూ “ముందు వాళ్లని తియ్యమనండి” అని భీష్మించుకున్నారు. తరగతులు కలిసి మొదలుకాకపోతే విలీనం రద్దేనని పైనుంచి హెచ్చరిక కూడా వచ్చింది.

తరగతుల మొదటిరోజు పొద్దున రిజిస్ట్రార్లతోపాటు పిల్లలు తలుపుకి అటూ ఇటూ గుమిగూడారు. మేడమ్ ఎవరినీ తాళంచెవి అడగలేదు. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, గొళ్లెం లేని పక్క తలుపుని పట్టి ఉంచే బందుల మరలు ఒక్కొక్కటే విప్పింది. బిగించడమే ఎరిగిన ఆ చెయ్యి విప్పడంలోనూ తొట్రుపడలేదు. పిల్లలు ఒక్క ఊపున లాగారు. తాళాలే బందులైనట్టు తలుపు అటు తిరిగి తెరుచుకుంది.

“మేడమ్, మా తాళం!” అన్నాడు రిజిస్ట్రార్లలో పెద్దాయన గాభరాగా.

“వేసినవి వేసినట్టే ఉన్నాయి కదండీ! నేను ముట్టుకుంటే ఒట్టు” అంది.

రిజిస్ట్రార్లిద్దరూ మొహాలు చూసుకుని ఫక్కున నవ్వారు. అప్పటికే పిల్లల వరద మేడమ్‌ని అవతలికి మోసుకుపోయింది.