పిలిస్తే పలకమన్న బాలమణి అక్క

మొన్న ఉప్పునుంతల దగ్గర ఒక బాలింత ఇంటి గడప దాటగానే వాము పొగ ముక్కుకు తగిలింది. నిప్పుల మీద వాము, వెల్లుల్లి పొట్టు వేసి పట్టే ఆ పొగ పన్నెండేళ్లుగా నా ఉద్యోగంలో పీలుస్తున్నదే. అయినా ఎప్పుడో ఒకసారి అది నన్ను ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. బాలమణి అక్క గుర్తుకొస్తుంది. ఊరూరా తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూసే నర్సుగా నేను చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆమే. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పొట్టి మనిషి, ఎంత ఎండలోనైనా గొడుగు లేకుండా నడిచేది. మాట తక్కువ.

నేను చేరిన ఏడు శ్రావణంలో, అనిత అనే మూడు నెలల బాలింత తనంతట తానే ప్రాణం తీసుకుంది. ముందురోజే ఆ ఇంటికి వెళ్లి పాపకు టీకా వేశాను. "మంచిగున్నవా?" అని అడిగితే "మంచిగనే ఉన్న" అంది. నేను సంచి సర్దుకుని వాకిట్లోకి వచ్చాక, వెనక నుంచి "సిస్టరమ్మా" అని పిలిచింది. తిరిగి చూశాను. "ఏం లేదు, పో" అంది. ఇంకా పదకొండు ఇళ్లు మిగిలి ఉన్నాయి. వెళ్లిపోయాను.

ఆమె పదో దినం అయిపోయాక ఆ పిలుపు మొదలైంది. మిట్టమధ్యాహ్నం, పత్తిచేల మధ్య దారిలో, చుట్టుపక్కల మనిషన్నవాడు లేనప్పుడు. అదే గొంతు, వెనక అంతే దూరం నుంచి. తిరిగి చూస్తే తెల్లటి ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. అన్నం సయించలేదు. నిద్ర కరువైంది. సూది పట్టుకుంటే వేళ్లు వణికేవి. గద్వాలలో ఉండే మా అమ్మ, గాలి సోకిందని నన్ను మల్దకల్ గుడికి తీసుకెళ్లి మొక్కించి, చేతికి తాయెత్తు కట్టించింది. పిలుపు ఆగలేదు.

ఒకరోజు ఒక పసివాడికి టీకా వేయబోయి, చేయి నిలవక కూలబడ్డాను. అక్క నా చేతిలోని సూది తీసుకుని ఆ పని ముగించి, నన్ను బయటికి తీసుకొచ్చింది.

"ఏంది శారదా, ఎన్ని దినాలైంది నువ్వు తినక?"

పిలుపు సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పిలిస్తే ఏమంటున్నవ్?"

"ఏమంటనక్కా? ఉరుకుతున్న."

"ఉరికితే ఎనకాలే ఒస్తది. పా, ఆ ఇంటికే పోదాం."

అనిత అత్త తాళం తీసింది కానీ లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చుండిపోయింది. పాపను అనిత తల్లి తీసుకుపోయిందట. లోపల దూలానికి చీర ఉయ్యాల ఇంకా వేలాడుతోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, గాలి ఆడటం లేదు. ఉయ్యాల మాత్రం మెల్లగా కదులుతోంది. నేను అక్క చేయి గట్టిగా పట్టుకున్నాను.

"ఊగనియ్యి. కూసో" అంది.

నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. అప్పుడు వినిపించింది. "సిస్టరమ్మా." ఈసారి దూరం నుంచి కాదు. నేను తల తిప్పిన క్షణంలోనే అక్క కూడా అటే తల తిప్పింది.

"పలుకు" అంది.

"ఏంది అనితా?" అన్నాను. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఆ రోజు నువ్వు పిలిస్తే ఆగలేదన్నాను. నీ ముఖం చూసి కూడా ఇంకో ఇంటికి పోయానన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క ఓదార్చలేదు, ఆపలేదు. నా ఏడుపు తీరాక లేచి ఉయ్యాల ముడి విప్పింది. చీర మడతపెట్టి బయట ఉన్న అత్త చేతిలో పెట్టింది. ఆమె దాన్ని ముఖానికి అదుముకుంది.

తిరిగి వస్తుంటే అడిగాను. "నీకు గూడ ఇనొచ్చిందా అక్కా?"

"నన్ను సిస్టరమ్మా అనలే. అక్కా అన్నది."

చాలా దూరం నడిచాక మిగతాది చెప్పింది. "నేను కొత్తగ చేరినప్పుడు ఒకామె కాన్పుల రక్తం పోయి నా చేతులల్లనే సచ్చిపోయింది. ఇయ్యాల్టికీ పిలుస్తది. పలుకుత. పలికి, నా పని నేను చేస్కుంట."

మర్నాడు తానే నన్ను నాగర్‌కర్నూలు దవాఖానలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మరి తాయెత్తు తీసెయ్యాలా అని అడిగితే, "ఉండనియ్యి, అదేం జేసింది నిన్ను? గోలీ గూడ ఏస్కో" అంది. ఆరు నెలలపాటు, మధ్యాహ్నం ఎక్కడున్నా నన్ను కూర్చోబెట్టి, తన జొన్నరొట్టెలో సగం విరిచిచ్చి, తినేదాకా కదిలేది కాదు. నిద్ర తిరిగి వచ్చింది. వేళ్ల వణుకు తగ్గింది. పిలుపు పూర్తిగా పోయిందని చెప్పలేను. భయం పోయింది.

రిటైరయ్యాక అక్క వనపర్తిలో చెల్లెలి ఇంట్లో ఉండేది. పోయిన ఏడు జబ్బుపడిందని తెలిసి వెళ్లాను. మంచంలో సగం మనిషైపోయింది. "ఎట్లున్నవ్ అక్కా?" అంటే "మంచిగున్న" అంది. ఆ మాటా ఈ మాటా చెప్పుకున్నాక, బస్సుకు వేళైందని లేచాను. నా కొంగు పట్టుకుంది.

"గంతేనా శారదా? మొదాలు చెప్పేది పక్కోళ్ల కోసం. ఇంకోసారి అడుగు."

మళ్లీ కూర్చున్నాను. "ఎట్లున్నవ్ అక్కా?"

పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "భయమైతుంది. అందరు ఒక్కసారే పిలుస్తున్నరు."

నేను ఆ బస్సు ఎక్కలేదు. అక్క తన చేతుల మీద పోయిన ఒక్కొక్కరి పేరూ, ఊరూ చెబుతుంటే, చేయి పట్టుకుని చివరిదాకా విన్నాను. మూడు వారాలకు ఆమె పోయింది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా రెండుసార్లు అడుగుతాను. రెండో జవాబు వచ్చేదాకా చెప్పులు వేసుకోను.