వేపమండల నడుమ పీల్, లేజర్

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం రాకపోవడానికి కారణం నా చెంపల మీది మొటిమల మచ్చలేనని గట్టి నమ్మకం. (కోడింగ్ సరిగ్గా రాకపోవడం కూడా ఒక కారణం కావచ్చునని అప్పట్లో తట్టలేదు.) మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒక మంచం, మొహానికి ఎప్పుడూ చున్నీ, ఇదీ నా బతుకు. ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే ఇంటికి వచ్చెయ్యమని నాన్న చెప్పేశారు. కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ చర్మం గురించి వీడియోలు చూసి చూసి హాస్టల్లో డాక్టరమ్మ అని పేరు తెచ్చుకుంది. ఇంటర్వ్యూకి ఇంకా కొన్నాళ్లుందనగా, "గిట్లనే చున్నీ కట్టుకొని పోతవా ఏంది? నడువ్!" అంటూ నన్ను పంజాగుట్టలో ఒక స్కిన్ క్లినిక్‌కి లాక్కుపోయింది.

దానికీ మచ్చలున్నాయి కాబట్టి డాక్టరుగారు ఇద్దరి చెంపలూ లైటు వేసి చూసి నావైపు తిరిగారు. "నీవి రంగు మచ్చలమ్మా, పైపైనే ఉన్నాయి. యాసిడ్ పూత, అదే పీల్, సరిపోతుంది. పైపొర పొట్టులా ఊడుతుంది. ఈ అమ్మాయివి గుంటలు. లోపలిదాకా వెళ్లాలంటే లేజర్ కావాలి, కొన్నాళ్లు ఎర్రగా ఉంటుంది. ఒక్కసారికే అంతా పోదు. ఎండ మాత్రం ఇద్దరికీ పనికిరాదు," అన్నారు. అవి చేయించుకుని తిరిగొస్తూ దారంతా పోట్లాడుకున్నాం, లేజర్ గొప్పదని అది, పీల్ గొప్పదని నేను.

తీరా ఇంటర్వ్యూ ముందురోజుకి నా చెంపలు పాతగోడ సున్నంలా రాలుతున్నాయి. దాని మొహం నిండా ఎర్రటి చుక్కలు. టిఫిన్‌కి రాలేదేమిటని హాస్టల్ ఆంటీ తలుపు తోసి చూసి, రెండు చేతులూ జోడించేసింది.

"అయ్యో తల్లీ! ఇద్దరికి సుత అమ్మోరు పోసింది!" (ఆటలమ్మ అనుకుందన్నమాట.)

కాసేపట్లో గుమ్మానికి వేపమండలు, పక్కల మీద వేపాకు, చేతిలో పెరుగన్నం. "ఇది పీలింగ్ అండీ ఆంటీ," అని నేను మొత్తుకున్నాను. "నాది లేజర్ ఆంటీ, లోపలి పొర దాక పోతది," అని డాక్టరమ్మ. ఆంటీ మా నుదుళ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం నెత్తికెక్కింది. ఏందేందో మాట్లాడుతున్నరు."

నాకు ఏడుపొచ్చేసింది. చివరికి డాక్టరుగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాం. ఇది అంటుకునేది కాదనీ, ఎండ తగలకుండా చూస్తే చాలనీ ఆయన చెప్పాక ఆంటీ నమ్మిందో లేదో గానీ, మర్నాడు పెద్ద నల్లగొడుగు నా నెత్తిన పట్టి అమీర్‌పేట జనంలోంచి ఆఫీసు దాకా నడిపించింది. "జర జరుగుండ్రి భాయ్, పోరికి ఎండ తగులొద్దు!" ఊపిరాడక చున్నీ ఎక్కడ తీసేశానో నాకే తెలియదు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మొహం గురించి అడిగితే ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. ముగ్గురూ లాప్‌టాప్‌లలోకి చూస్తూనే ప్రశ్నలడిగి, చూస్తూనే వెళ్లిరమ్మన్నారు. (ఆ ఉద్యోగం వచ్చింది.) బయట మెట్ల మీద కూర్చున్న ఆంటీ గబగబా లేచింది.

"అడిగిన్రా నీ మొఖం గురించి?"

"చూడనే లేదు ఆంటీ."

"మరి గంత మంట ఎందుకు పెట్టుకున్నవ్ బిడ్డా?" అంటూ నా చెంప మీది పొట్టును కొంగుతో మెల్లగా అద్దింది.

ఆ మచ్చలు పీల్‌తో కొన్ని, వయసుతో కొన్ని పోయాయి. కానీ పొట్టు రాలుతున్న మొహంతో, ఆంటీ చెయ్యి పట్టుకుని, అంతమంది జనంలో నవ్వుకుంటూ హాస్టల్‌కి నడిచిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ముద్దొస్తుంది.