నాలుగో గది ముగ్గు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మేవాళ్లతో వాదించి రెండు పెళ్లిళ్లలో భోజనం చల్లార్చుకున్నదాన్ని. కాబట్టి ఇది చదివి నాకు తాయెత్తుల సలహాలివ్వకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా మేనత్త రిటైరైన లెక్కల టీచరు. పిల్లల్లేరు, మామయ్య పోయారు. నాకూ వెనకాముందూ ఎవరూ లేరు. ఆవిడ ఉయ్యూరు దాటాక ఒక సీనియర్ సిటిజన్ల కాలనీలో ఉండేది. నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్లో ఉంటాను. ప్రతి ఆదివారం వెళ్లి చూసొచ్చేదాన్ని.

అక్కడ వైద్యం అంతస్తుల వారీగా ఉంటుంది. తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు కింద. స్నానానికి, మందులకి మనిషి కావలసినవాళ్లు మొదటి అంతస్తులో. మంచం దిగలేనివాళ్లు రెండో అంతస్తులో, పగలూ రాత్రీ నర్సుల మధ్య. పైకెళ్లినవాళ్లు మళ్లీ కిందికి రావడం నేనైతే చూడలేదు.

కిందవాళ్లకి ఒక పద్ధతుంది. పొద్దున్నే లేచి గుమ్మంలో ముగ్గు వెయ్యాలి. ముగ్గు రానివాళ్లు ఒక గీతైనా గియ్యాలి. ఏడింటికి మార్తమ్మ అనే నర్సు వరండా అంతా తిరిగి, ముగ్గున్న గదికి రిజిస్టర్లో టిక్కు పెడుతుంది. ముగ్గు లేకపోతే తలుపు కొడుతుంది.

అత్తయ్య పద్మం వేసి పక్కన చిలకని వేసేది. కాకిలా ఉందనేదాన్ని. "నీ మొహం, ముక్కు చూడు, చిలకే" అనేది.

పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. "ఎడంచేత్తో గీత గీస్తానే, నన్ను పైకి పంపకు" అంది. నేను వాదించాను. వాదనలో నన్నెవరూ గెలవరు. సంతకం పెట్టి రెండో అంతస్తుకి పంపాను. కింద ఆవిడ ఉన్న నాలుగో నంబరు గదికి తాళం పడింది.

తర్వాతి ఆదివారం వెళ్తే, రిజిస్టర్లో నాలుగో గదికి వారమంతా టిక్కులున్నాయి. ఖాళీ గదికి టిక్కులేమిటని మార్తమ్మని నిలదీశాను.

"ముగ్గుంది మేడమ్, పెట్టాను. ఇంకేం చెయ్యమంటారు?" అంది.

వెళ్లి చూశాను. పద్మం. పక్కన కాకి.

ఎవరో వేళాకోళం చేస్తున్నారని మేనేజరుతో గొడవపడ్డాను. ఆ పూట గెస్టు రూములో ఉండిపోయి, మర్నాడు తెల్లారాక ఆ గుమ్మం నేనే ఊడ్చి, ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాను. ఆరున్నరకి పక్కగది పెద్దాయన కాఫీ ఇస్తే అందుకోవడానికి తల తిప్పాను. అంతే. మళ్లీ చూసేసరికి గుమ్మంలో నీళ్లు చల్లి ఉన్నాయి, తడి మీద ముగ్గుంది. పెద్దాయన కూడా చూశారు. తన గదిలోకెళ్లి తలుపేసుకున్నారు.

పైకి పరిగెత్తాను. అత్తయ్య మంచం మీదే ఉంది. కుడిచెయ్యి నర్సు దిండు మీద పెట్టినది పెట్టినట్టే ఉంది. ముగ్గు సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు.

"లేచానని ఎవరికో ఒకరికి తెలియాలి కదే" అంది.

 ఈసారి డాక్టరుతోనూ మేనేజరుతోనూ వాదించి, వారం తిరక్కుండా ఆవిణ్ణి కిందికి తెచ్చుకున్నాను. ఆ రోజు తన కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ వాసన పీల్చుకుని, "హమ్మయ్య" అంది. నేను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

పొద్దున్న ఎవరో తలుపు కొడితే మెలకువ వచ్చింది. తీస్తే మార్తమ్మ.

"ఇవాళ ముగ్గు లేదు మేడమ్."

గుమ్మం ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య నిద్రలోనే పోయింది.

ఆ ముగ్గు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. పైనే ఉంచితే ఇంకొన్నాళ్లు ఉండేదా, అసలు పైకి పంపకుండా ఉండాల్సిందా అని నాతో నేనే వాదించుకుంటాను. ఎటూ తేలదు.

ముగ్గు రాని నేను ఇప్పుడు రోజూ ఏడింటి లోపల ఫ్లాటు గుమ్మంలో ఒక గీత గీస్తున్నాను. టిక్కు పెట్టడానికి ఎవరూ రారు.