మగ్గం గుంట మీద బరువులు

మా ఆవిడ మొదటిసారి నూరు కిలోలు ఎత్తిన రోజు నాకు అన్నం సయించలేదు. కూరలో ఉప్పెక్కువైందన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. నూరు కిలోలు నేల మీద నుంచి లేపడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆమెకు పది నెలలు.

మాది నల్లగొండ దగ్గర చేనేత ఊరు. బాపు నలభై ఏళ్ళు చీరలు నేశాడు. మోకాళ్ళు పట్టేశాక మగ్గం విప్పేసి, కాళ్ళు పెట్టుకునే గుంటను పూడ్చి, పైన షాబాదు బండలు పరిచారు. ఆ ముందు గది అప్పట్నుంచీ ఖాళీగానే ఉండేది. నేను నల్లగొండలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. పని అయ్యాక అక్కడే ఒక జిమ్‌కు వెళ్ళేవాణ్ణి. కరోనా వచ్చి జిమ్ మూతపడింది, మళ్ళీ తెరుచుకోలేదు. దాని యజమాని సామాను అమ్మేస్తుంటే ఒక రాడ్డు, దానికి రెండు వైపులా తొడిగే బరువు ప్లేట్లు, రాడ్డు నిలబెట్టే స్టాండు ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మొదటి రోజే అరవై కిలోలు ఎత్తి దించాను. మెల్లగానే దించాననుకున్నాను. కింద డొల్లగా ఒక చప్పుడైంది. బండ నడిమికి విరిగి, ఒక ముక్క లోపలికి కుంగింది. వెనక గదిలోంచి బాపు గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"ఆగురా! అది మగ్గం గుంట."

"పూడ్చినం గద బాపు?"

"పూడ్చినం. బూడిద, పాత ఇటుకలు, ఏది దొరికితే అది ఏసినం. మనుషులు నడిచేటందుకు చాలు. గీ ఇనుముకు ఆగుతదా?"

దాంతో ఇంట్లో ఉన్న ముగ్గురం పనిలోకి దిగాం. బండలు తీశాం. బూడిదంతా తోడి పారబోశాం. బాపు స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, జానెడు మందం మొరం పోయడం, నీళ్ళు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ జానెడు పోయడం. రెండు వరసలు కొట్టేసరికి నా చేతులు పడిపోయాయి. మా ఆవిడ దిమ్మిస అందుకుంది. కొంగు నడుముకు చుట్టుకుని దబదబా కొట్టసాగింది.

బాపు నావైపు తిరిగి అన్నాడు: "చూసినవా? నడుము వంచుతలేదు. మోకాళ్ళ బలంతోని లేపుతాంది."

నేను నవ్వాను. ఆ మాట మాత్రం లోపల ఎక్కడో ముల్లులా దిగింది.

మీద ఇనుప జాలీ పరిచి కాంక్రీటు పోశాం. వారం రోజులు గోనెసంచులు కప్పి తడుపుతూ ఉన్నాం. ఆ తర్వాత ప్లైవుడ్ రెండు వరసలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. కాళ్ళు పెట్టే నడిమి భాగం ప్లైవుడ్‌గానే వదిలి, ప్లేట్లు పడే రెండు వైపులా నల్లటి రబ్బరు మ్యాట్లు వేశాను. అవి జిమ్ మ్యాట్లు కావు, బర్రెల కొట్టంలో పరిచేవి. పాడి సామాను దుకాణంలో దొరికాయి. వాటి వాసన నెల రోజులు ఇల్లు వదల్లేదు. ఆమె సర్ఫు నీళ్ళతో కడిగి రెండుసార్లు మిద్దె మీద ఎండబెట్టింది.

చివర్లో బాపు మ్యాటు పక్కనే నేల మీద నిండుగా నీళ్ళ గ్లాసు పెట్టించాడు. "ఇగ ఎత్తి ఇడువు" అన్నాడు. వదిలాను. నీళ్ళు వణికాయి కానీ చుక్క తొణకలేదు.

ఆమె బ్లౌజులు కుట్టేది. రోజంతా మిషను మీద వంగి వంగి నడుము నొప్పి పట్టుకుంది. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, "నేను గూడ జర ఎత్తి చూస్త" అంది. ఖాళీ రాడ్డు చేతికిచ్చాను. కాళ్ళు ఎంత దూరం పెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెప్పాను. ఒకరికి నేర్పించడం ఇంత బాగుంటుందని నాకప్పుడే తెలిసింది. నెల తిరక్కుండానే నడుము నొప్పి తగ్గిందంది. దోస్తుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను.

అసలు బాధ బాపు స్టూలుతో మొదలైంది. అది మళ్ళీ ఆ గదిలోకి వచ్చింది. ఆమె ఎత్తే వేళకు బాపు సరిగ్గా రాడ్డుకు ఎదురుగా కూర్చునేవాడు. మగ్గం మీద పడుగు దారాలు ఒక పక్కకు ఒరిగితే వెంట్రుకవాసి తేడా కూడా పట్టే కళ్ళు ఆయనవి.

"ఎడమ దిక్కు కిందికి పోతాంది బిడ్డా. భుజం సదురుకో."

"గిట్లనా మామా?"

"ఆ, గట్ల. ఇప్పుడు సాఫ్ ఉంది."

నా వంతు రాగానే బాపుకు టీ గుర్తొచ్చేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు బాపు నన్ను మగ్గం మీద కూర్చోబెట్టాడు. నేను దారాలు తెంపాను. నెల రోజులు చూసి, "నీతోని కాదు, సదువుకో పో" అన్నాడు. ఆ తర్వాత నేను చేసే ఏ పనినీ ఆయన దగ్గర కూర్చుని చూడలేదు. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ వయసులో, సిగ్గు విడిచి ఒకసారి అడిగాను: "బాపు, నాది గూడ చూడు." చూశాడు. "మంచిగనే ఉంది" అన్నాడు. కళ్ళు అప్పటికే ఆమె ప్లేట్లు ఎక్కిస్తున్న వైపు తిరిగాయి.

నూరు కిలోల రోజు బాపు చప్పట్లు కొట్టాడు. ఆయన చప్పట్లు కొట్టగా చూడటం అదే మొదలు.

నాలుగు రోజుల తర్వాత నేను చేసిన పని చెప్పాలి. మధ్యాహ్నం ఆమె మిషను దగ్గరుండగా మూలన మ్యాటు ఎత్తి చూశాను. కాంక్రీటు పోసిన జాగా అవతల, పాత బండ మీద ఒక పగులుంది. అది ఎప్పటిదో నాకు తెలియదు. బరువుల వల్ల వచ్చింది కాదని మాత్రం తెలుసు. ఆమెను పిలిచాను.

"చూడు. నేల పగులుతాంది. ఇగ ఎత్తుడు బంద్ చేయాలె."

"నువ్వు గూడనా?"

"నేను గూడ."

ఆమెను ఆపడానికి నాది కూడా మానుకోవడానికి సిద్ధపడ్డాను. నా కుళ్ళు అంత దూరం వెళ్ళింది. ఆమె కింద కూర్చుని ఆ పగులు మీద వేలు పెట్టి రాసింది.

"నూరు ఎత్తి కింద పడేసిన. నావల్లనేనా?"

కాదనలేదు. మ్యాటు మళ్ళీ పరిచేశాను.

మూడు వారాలు ఆ గదిలో ఎవరమూ రాడ్డు ముట్టలేదు. ఒక ఆదివారం పొద్దున బాపు నన్ను పిలిస్తే వెళ్ళాను. ఆ మోకాళ్ళతో ఆయనే వంగి మూలనున్న మ్యాటు చుట్టేసి, నీళ్ళ గ్లాసు నేల మీద పెట్టి ఉన్నాడు.

"ఎత్తు" అన్నాడు.

ఎనభై కిలోలు ఎత్తి, మిగిలిన మ్యాట్ల మీద వదిలాను. నీళ్ళు తొణకలేదు.

"మళ్ళ."

మళ్ళీ వదిలాను. బాపు చేతికర్రతో మూలనున్న పగులు చూపించాడు.

"గిది మగ్గం ఇప్పిన నాటిది. దూలం నా చేతులకెల్లి జారి పడ్డది. నువ్వు కోడలికి ఏం చెప్పినవో విన్న. ఎందుకు చెప్పినవో గూడ ఎరుకనే."

"ఎరుకనా?" అన్నాను. "ఏనాడన్న నన్ను గిట్ల కూసోని చూసినవా బాపు? ఒక్కనాడన్న?"

ఆయన కర్ర గోడకు ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు. "నువ్వు దారం తెంపితె నేను తిడుతుంటి. నేను తిడితె నీకు చేతులు వణుకుతుండె. నేను చూడకుంటనే నువ్వు నిమ్మళంగ ఉంటవనుకున్న. గదే అలవాటైంది కొడుకా."

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఆమె గుమ్మంలో ఉంది. అంతా విన్నది. లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఊడ్చేటప్పుడల్ల గా మూల చూసుకుంట బాధపడ్డ. మామ కట్టుకున్న ఇల్లు నేను పగలగొట్టిననని. నా నడుము మళ్ళ నొయ్యవట్టింది. నువ్వు చూసుకుంటనే ఊకున్నవు."

"తప్పయింది."

"తప్పయింది సరే. కుళ్ళు పోయిందా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. "పోలే" అన్నాను.

ఆమె నా కంచంలో కూర వేసింది. "గిదన్న నిజం చెప్పినవు" అంది. "పొద్దుగూకినంక ప్లేట్లు ఎక్కియ్యి. ఎనభై నుంచి మొదలుపెడుత."

ఆ మరుసటి ఏడాది మహబూబ్‌నగర్‌లో ఆడవాళ్ళకు పవర్‌లిఫ్టింగ్ విభాగంలో నేల మీద నుంచి బరువు లేపే పోటీ పెడుతున్నారని తెలిసింది. ముగ్గురం దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారుతూ వెళ్ళాం. ఆమె నూట పదిహేను ఎత్తి రెండో స్థానంలో నిలిచింది. మెడలో పతకంతో మా దగ్గరికి వస్తుంటే, పక్కనున్న ఒకాయన బాపును అడిగాడు, "మీరే నేర్పినరా పెద్దాయనా?" అని.

"లేదు, మొదలు నేర్పింది మా కొడుకే" అన్నాడు బాపు, నా భుజం మీద చెయ్యి వేసి.

ముప్పై ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట. కళ్ళు చెమర్చాయి. అయినా నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో కూడా నా చూపు ఆమె మెడలోని పతకం మీదే ఉంది.

ఇప్పుడు బాపు నా వంతులో కూడా కూర్చుంటాడు. నా కుడి పాదం బయటికి తిరిగి ఉంటోందని చెప్పాడు. సరిచేసుకున్నాక నూట ఐదు ఎత్తాను. అప్పటికి ఆమె నూట పాతిక దాటింది. మా వీధి ఆడవాళ్ళు నలుగురు పొద్దున్నే వస్తున్నారు. మిషను మీద వంగేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, అందరికీ నడుము నొప్పే. వాళ్ళు ఉన్నంతసేపూ నేను బయట అరుగు మీద కూర్చోవాలి. కాళ్ళు ఎంత దూరం పెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఆమె వాళ్ళకు చెబుతుంటే వినిపిస్తుంది. అక్షరం పొల్లు పోకుండా నా మాటలే. నా పేరు మాత్రం చెప్పదు. నిన్న కూడా చెప్పలేదు. వింటూ, కోపంగా టీ తాగాను.

కాసేపటికి తలుపు తీసి తల బయటపెట్టింది. "వాళ్ళు పోతాండ్రు. ఇగ లోపటికి రా" అంది.

లేచి వెళ్ళాను.